కుర్చీ పట్టేంత చోటు

ఫిబ్రవరి 3

మా వదినకు,

ఈ ఉత్తరం సగం మరదలుగా, సగం ఆఫీసుగా రాస్తున్నాను. ఏ సగం ఎక్కడ మొదలైందో నువ్వు ఇట్టే పట్టేస్తావు కాబట్టి మధ్యలో గీత గీయడం లేదు.

మీ ఊళ్ళో కట్టబోయే కొత్త ఆసుపత్రి పని మా ఆఫీసుకే వచ్చింది. అక్కడ కాన్పుల వార్డు హెడ్ సిస్టరు మా వదినేనని మా పెద్దాయనకి ముందే చెప్పేశాను. ఆయన నవ్వి, "అయితే మీ ఇద్దరి మధ్య నడిచే ప్రతి మాటా కాగితం మీద ఉండాలమ్మా, ఫోన్లు వద్దు" అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. ఒకందుకు మంచిదే. నువ్వు ఫోన్లో నాతో మాట్లాడుతూ మధ్యలో "ఏయ్, ఆ బకెట్ తియ్యి" అని ఎవరి మీదో అరిస్తే నన్నే అనుకుని ఉలిక్కిపడే బాధ తప్పుతుంది.

"గీసేవాళ్ళు వేరే, కట్టేవాళ్ళు వేరే, మరి మధ్యలో ఇది చేసేదేంటి?" అని అన్నయ్య మళ్ళీ అడుగుతాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ లెక్కల మాస్టారి బుర్రకి ఎక్కదు. చదివి వినిపించు. గీత పడకముందే ఏమేం గదులు కావాలి, ఒక్కోటి ఎంతుండాలి, ఏది దేని పక్కన ఉండాలి, ఏది దేనికి దూరంగా ఉండాలి అని తేల్చి జాబితా రాసివ్వడం నా పని. జాబితాలో లేని గదిని ఎంత గొప్ప ఆర్కిటెక్టూ గీయడు. గీయని గదిని ఎవడూ కట్టడు. అదీ సంగతి.

నీ వార్డు గురించి నాకు రాయి. గదులు మాత్రం అడక్కు. అందరూ "మాకు పెద్ద గది కావాలి" అంటూనే మొదలుపెడతారు. నువ్వు పని చెప్పు. నొప్పులతో గుమ్మంలోకి వచ్చిన మనిషి బిడ్డనెత్తుకుని బయటికెళ్ళేదాకా ఎక్కడ కూర్చుంటుంది, ఎక్కడ నడుస్తుంది, తోడెవరుంటారు, వాళ్ళు చెప్పులెక్కడ విడుస్తారు, అన్నీ. అందులోంచి గదులు నేను తీస్తాను. ఇంకో మాట. మొత్తం చోటు ఇంతే అని ఆసుపత్రి కమిటీ తేల్చేసింది. నడవలు, మెట్లు, గోడల మందం కూడా అందులోంచే పోవాలి. కాబట్టి ఒక గదికి పెంచితే ఇంకో గదికి కోత పడుతుంది.

నీ మోకాళ్ళని అడిగానని చెప్పు.

టేపు మెళ్ళో వేసుకుని తిరిగే
నీ మరదలు


ఫిబ్రవరి 12

ఏమే టేపురాణీ,

గదులు అడక్కూడదట! ఉద్యోగంలో చేరిన రోజునుంచి నాకంటూ ఓ బీరువా అరైనా దొరకనిదాన్ని, ఇన్నేళ్ళకి ఎవరో ఏం కావాలని అడిగితే నోరు కట్టేసుకోవాలా? మా వల్ల కాదు. నువ్వు అడిగింది చెప్తాను, నువ్వు అడగొద్దన్నదీ చెప్తాను. నీ ఇష్టం వచ్చింది ఉంచుకో.

మా దగ్గరికి వచ్చే మనిషి ఒక్కతే రాదు. అమ్మో, అత్తో, ఇద్దరూనో వస్తారు. ఇద్దరూ వస్తే ఎవరు లోపల, ఎవరు బయట అన్న తగువు తీర్చడం కూడా నా పనే. ఆమె నడవాలి, మేమే నడవమంటాం. నడవాలో స్ట్రెచరొకటి, ఆక్సిజన్ బండి ఒకటి, భోజనాల బండి ఒకటి. వాటి మధ్యన పాపం నిండు మనిషి పక్కకి తిరిగి నడుస్తుంది. చెప్పులు విడిచే చోటు లేక అందరివీ కిటికీ కింద కుప్ప. డాక్టరమ్మ చెప్పు ఒకటి మొన్న మాయమైంది. ఆవిడ రౌండ్లు రబ్బరు చెప్పుల్తో చేసింది.

మీ అన్నయ్య ఒళ్ళు తగ్గించుకోవాలని ఇంట్లో తొక్కే సైకిలు కొన్నారు. దాని మీద తువ్వాళ్ళు బాగా ఆరుతున్నాయి.

ఇక నా కోరికలు. సామాన్ల గది ఇప్పుడున్నదానికి రెట్టింపు కావాలి. నర్సులకి తలుపు గడియ పడే బాత్రూం కావాలి. ఇవన్నీ నువ్వు బేరమాడతావని తెలుసు, ఆడుకో. ఒక్కదాని మీద మాత్రం బేరం లేదు. బిడ్డ దక్కని తల్లికి ఒక గది. వార్డుకి దూరంగా, నడవా చివర. మందపాటి తలుపు. పక్క మంచాల మీది పిల్లల ఏడుపు ఆమె చెవిన పడకూడదు. పెద్దదేం అక్కర్లేదు, మంచం పడితే చాలు. ఎందుకు అడుగుతున్నానో ప్రపంచంలో ఒక్క మనిషికి చెప్పక్కర్లేదంటే అది నువ్వే.

సెప్టెంబరులో నాకు రిటైర్మెంటు. కొత్త భవనంలో నేను ఒక్క పూట కూడా పనిచెయ్యను. నేను వదిలి వెళ్ళేదేదైనా ఉంటే అది నీ జాబితాలో పడే ఆ ఒక్క గదే. అది మర్చిపోకు.

కొలతలకి ఎలాగూ రావాలిగా. వచ్చినప్పుడు హోటలు గీటలు అంటే కాళ్ళు విరగ్గొడతాను.

వదిన


మార్చి 2

వదినకు,

నీ ఉత్తరం మా పెద్దాయన బల్ల మీద పెట్టాను. చెప్పుల కుప్ప దగ్గర గట్టిగా నవ్వి, "ఈవిడ రాసింది మిగతా అన్ని డిపార్టుమెంట్లకీ పంపండి, ఇలా రాయాలని" అన్నాడు. బళ్ళ మధ్య నలుగుతూ నడిచే ఆ నిండు మనిషి కోసం నడవా వెడల్పు పెంచాను. గోడ లోపలికి గూడులా తీసి బళ్ళన్నీ అందులోకి తోస్తాం. చెప్పులకీ చోటు పెట్టాను. బాత్రూం గడియ సంగతి జాబితాలో రాయరు, అయినా రాశాను.

సామాన్ల గది రెట్టింపు చెయ్యను. నీ సామాన్లలో సగం కాలు విరిగిన సెలైన్ స్టాండ్లని అన్నయ్య ఎప్పుడో చెప్పాడు. వాటికి నేను గది కట్టించను తల్లీ, అరిచి గీపెట్టినా కట్టించను.

కొలతలకి మా ఆఫీసువాళ్ళని ఇద్దర్ని పంపుతున్నాను. నాకు ఇక్కడ ఇంకో పని మెడమీద ఉంది, కదలడానికి లేదు. వాళ్ళకి నీ చేతి టీ ఒకటి పడేస్తే చాలు. మొదటి జాబితా కూడా వాళ్ళ చేతే పంపుతున్నాను, చూసి రాయి.

మరదలు


మార్చి 9

టేపురాణీ,

నీ మనుషులిద్దరూ వచ్చారు. మంచి పిల్లలే, కానీ ఒకడు కాన్పు గది గుమ్మంలో టేపు పట్టుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి ఒకావిడ నొప్పుల మధ్యన, "ఆ కొలిచేవాణ్ణి ముందు అవతలికి పొమ్మనండి!" అని ఒక్క కేక వేసింది. వాడు టేపు వదిలేసి మెట్ల దాకా పరుగు. టేపు గిర్రున చుట్టుకుని డాక్టరమ్మ కాలికి తగిలింది. ఆవిడకి ఈ మధ్య కాళ్ళకి టైం బాగాలేదు.

నువ్వెందుకు రాలేదు? పని మెడమీద ఉందంటే నమ్మడానికి నేనేం నిన్న పుట్టలేదు. నువ్వు మా ఇంటికి వస్తావు, తింటావు, పడుకుంటావు, మా ఆయన్ని ఆటపట్టిస్తావు. సందు చివర ఉన్న నా ఆసుపత్రికి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారి తొంగి చూడవు. సర్లే.

జాబితా చూశాను. బాగుంది. ఒకటి జారిపోయింది, నేను బేరం లేదన్న గది. టైపు చేసేటప్పుడు వరస తప్పి ఉంటుంది. చేర్చేసి మళ్ళీ పంపు, సంతకం పెట్టేస్తాను.

వదిన


మార్చి 16

వదినకు,

జారిపోలేదు వదినా, నేనే పెట్టలేదు.

కారణాలు రాస్తున్నాను. నడవా చివరి గది సిస్టరు బల్లకి కనపడదు. కాన్పైన మనిషికి రక్తస్రావం ఎక్కువైతే చూసే దిక్కుండదు. అలాంటి గది ఏడాదిలో చాలా రోజులు ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్న గదిలోకి ఆరు నెలల్లో అట్టపెట్టెలు చేరతాయి, ఇది నేను ప్రతి ఆసుపత్రిలోనూ చూశాను. పైగా చోటు చాలదు. వార్డులోనే ఒక మూల, గట్టి తెర కట్టుకునే వీలుతో ఒక మంచం చూపించాను. పరిశీలించి తెలియజేయగలరు.

మరదలు


మార్చి 22

పరిశీలించాను. తెలియజేస్తున్నాను.

తెరట! "తెలియజేయగలరు"ట! నేను నీకు ఎప్పటినుంచి "గలరు" అయ్యానే? ఇంకొకరెవరైనా ఈ మాట రాస్తే ఆ కాగితం వాళ్ళ మొహాన కొట్టి ఊరుకునేదాన్ని. రాసింది నువ్వు. నీ మొదటి కాన్పు నా చేతుల మీదే కదా జరిగింది. ఆ పొద్దున బిడ్డ పుట్టింది, ఏడవలేదు. వార్డు నిండా బాలింతలు, ప్రతి మంచం పక్కనా ఊయల. నిన్ను ఆ మధ్యలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. నడవా చివర దుప్పట్ల గది ఉంటే దాన్ని ఖాళీ చేయించి, నా చేత్తో తుడిచి, మంచం వేయించి, నిన్ను అందులో పడుకోబెట్టి తలుపు మూశాను. పెద్ద డాక్టరు నన్ను తిట్టాడు, పడ్డాను. నా ఉద్యోగం మొత్తం మీద నేను చేసిన మంచి పని ఒకటి చెప్పమంటే ఈ రోజుకీ అదే చెప్తాను. ఆ తర్వాత ఎంతమందికి అలా చేద్దామన్నా గది దొరకలేదు. దుప్పట్లు మళ్ళీ వచ్చి కూర్చున్నాయి. ఆ మనుషులందరి మొహాలూ నాకు గుర్తే.

నువ్వు మర్చిపోయావు. సరే, మర్చిపోవడమే మంచిదనుకుంటాను. నీ రెండో కాన్పుకి నా దగ్గరికి రాకుండా ఎక్కడో తెలియనివాళ్ళ దగ్గరికి వెళ్ళావు. నా చెయ్యి మంచిది కాదనుకున్నావేమో అని కడుపులో పెట్టుకున్నాను గానీ ఒక్క మాట అడిగానా? మీ అమ్మాయిని చూడ్డానికి నవ్వు మొహంతోనే వచ్చాను. ఇప్పుడు మాత్రం అడుగుతాను. నీకు చేసినది ఇంకొకరికి చేస్తానంటే అడ్డుపడతావెందుకు?

ఆ గది లేకుండా నేను సంతకం పెట్టను. కమిటీకి కూడా చెప్పేశాను.

వదిన


ఏప్రిల్ 1

వదినా,

ఇది మా పెద్దాయన బల్ల మీదికి వెళ్ళదు.

నేను ఏదీ మర్చిపోలేదు. ఆ కారణాలన్నీ నిజమే, కానీ అవి వెతికి పెట్టుకున్న కారణాలు. నీకు అసలు సంగతి చెప్పే ధైర్యం లేక "గలరు" అని రాశాను.

ఆ గది నాకు ఎలా ఉండేదో నువ్వెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు. తలుపు మూశాక పిల్లల ఏడుపు వినపడలేదు. నిజమే. ఏ చప్పుడూ వినపడలేదు. మంచానికి ఒక పక్క గోడ, ఇంకో పక్క బీరువా, చెయ్యి చాపితే రెండూ తగిలేవి. మూలన, తీయకుండా వదిలేసిన చిరిగిన పరుపులు నిలబెట్టి ఉన్నాయి. పనికిరాని వాటితో పాటు నన్నూ పెట్టేశారు అనిపించింది. బిడ్డని బతికించుకోలేని దాన్ని నలుగురి కంటా పడకుండా దాచేశారు అనిపించింది. నువ్వు తలుపు సందులోంచి చూసినప్పుడల్లా కళ్ళు మూసుకునేదాన్ని, ఏడుస్తూ కనిపించకూడదని. లోపలికి వస్తావని, ఒక్కసారి ఒంటి మీద చెయ్యి వేస్తావని చూశాను. తలుపు మళ్ళీ మూసుకునేది. నీకు వార్డు నిండా పని ఉంటుందని తెలుసు. తెలిసినా ఆ రోజు నాకు నువ్వు తప్ప ఇంకెవరూ వద్దనిపించింది.

నీ మీద కోపం ఏనాడూ లేదు. ఒట్టు. కానీ ఆ నడవాలో అడుగు పెట్టలేను. అమ్మాయి పుట్టినప్పుడు నేను వేరే చోటికి వెళ్ళింది అందుకే, నీ చెయ్యి మంచిది కాదని కాదు. అంత మాట ఎలా అనుకున్నావు వదినా? కొలతలకి వాళ్ళిద్దర్నీ పంపింది కూడా అందుకే. ఇన్ని ఆసుపత్రులకి గదులు రాసిపెట్టాను. ఎవరైనా "చివర, మంచం పడేంత గది" అంటే నా చెయ్యి దానంతటదే కొట్టేస్తుంది. ఇంకో ఆడమనిషికి ఆ గది నేను ఎలా రాసిపెట్టను?

మరదలు


ఏప్రిల్ 17

వదినా,

రెండు వారాలు దాటింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే "కర్టెన్లు ఉతుకుతోంది" అన్నాడు. మళ్ళీ చేస్తే "దుప్పట్లు ఉతుకుతోంది" అన్నాడు. నువ్వు మనసు బాగోలేకపోతే ఇల్లంతా ఉతుకుతావని నాకు తెలియదా? రాయకుండా ఉండాల్సింది. తిట్టైనా తిట్టు, ఊరుకోకు.

మరదలు


ఏప్రిల్ 24

పిచ్చిదానా,

ఉతకడానికి ఇంట్లో ఇంక ఏమీ మిగల్లేదు. మీ అన్నయ్య కట్టుకున్న లుంగీ తప్ప. అందుకే రాయడానికి కూర్చున్నాను.

నీ ఉత్తరం చదివాను. వార్డులో పనీ! ఆ రోజు నేను ఎక్కడున్నానో నీకు తెలియదా? తలుపు అవతల ఉన్నానే. స్టూలు వేసుకుని, తలుపుకి వీపు ఆనించి, రోజంతా అక్కడే. వార్డు పని ఇంకో సిస్టరుకి అప్పగించాను.

ముందు లోపలికే కుర్చీ తెచ్చాను. పట్టలేదు. మంచం ఎలా జరిపినా పట్టలేదు. గుమ్మంలో వేస్తే తలుపు మూసుకోదు. తలుపు తెరిచి ఉంచితే వార్డులోంచి ఏడుపులు తిన్నగా నీ మంచం మీదికే వస్తున్నాయి. కుర్చీ ఉండాలా, తలుపు మూయాలా? తలుపు మూయడమే మేలనుకున్నాను. కుర్చీ వెనక్కి పంపేసి స్టూలు తెచ్చుకున్నాను, బయట. ఎవర్నీ రానివ్వలేదు. మీ అమ్మ వస్తే కూడా, "ఇప్పుడే కన్నంటుకుంది అత్తయ్యా, కాసేపాగండి" అన్నాను. తొంగి చూసినప్పుడల్లా నువ్వు కళ్ళు మూసుకునే ఉన్నావు. లేపకూడదు, నిద్రపోనీ అనుకుని అంతే మెల్లిగా తలుపు వేసేసేదాన్ని. నువ్వు నా కోసం చూస్తున్నావనీ, నాకు కనపడకుండా ఏడుస్తున్నావనీ నాకెలా తెలుస్తుందే? తెలియాలి. మిగతా అందరి మొహాలూ చూసి చెప్పేదాన్ని, నీ మొహం చూసి చెప్పలేకపోయాను. నీ దగ్గర నేను నర్సుని కాలేకపోయాను, నాకూ లోపల ఏడుపే.

మీ అన్నయ్యకి నీ ఉత్తరం ఇచ్చాను. చదివి మడతపెట్టి వెనక్కి ఇచ్చారు. తర్వాత, "తలుపు బయట నీ స్టూలు నాకు గుర్తే. నేను కారియరు తెచ్చిన రెండుసార్లూ నువ్వు దాని మీదే ఉన్నావు" అన్నారు. "మరి దానికి ఏనాడూ చెప్పలేదేం?" అంటే, "దానికి తెలుసనుకున్నాను" అన్నారు. లోపల ఉన్నదానికి బయట స్టూలు ఎలా కనపడుతుందండీ లెక్కల మాస్టారూ అని అరిచాను. ఆయన వెళ్ళి సైకిలు తొక్కారు, నిజంగానే.

ఫిబ్రవరిలో నేను రాసిన మాట, "మంచం పడితే చాలు" అని, అది కొట్టేయి. చాలదు.

గది అక్కర్లేదంటే అక్కర్లేదు. నువ్వు చెప్పినట్టే చేద్దాం. నీ మాటకి సంతకం పెడతాను.

వదిన


మే 3

వదినా,

నీ ఉత్తరం బస్సులో చదివాను. పక్కనావిడ కంగారుపడి మంచినీళ్ళ సీసా ఇచ్చింది. ఏమైందమ్మా అంటే, "మా వదిన తలుపు అవతలే ఉందటండీ" అన్నాను. ఆవిడ తలుపు వైపు చూసింది.

ఇన్నేళ్ళు ఎంత దూరం అనుకున్నానో! మధ్యన ఒక్క చెక్క తలుపు.

నువ్వు గది వద్దనకు. గది కావాలి. నేను కొట్టేసింది ఆ గదిని, మనకి కావలసింది వేరే గది. రాశాను, చూడు. పేరు "తోడు గది". నడవా చివర కాదు, సిస్టరు బల్ల పక్కనే. గదికి ముందు చిన్న వసారా, దానికి వార్డు వైపు ఒక తలుపు, గది వైపు ఒక తలుపు. ఒకటి తెరిచి ఉన్నా ఇంకోటి మూసి ఉంటుంది కాబట్టి ఏడుపులు లోపలికి రావు. కుర్చీయా, తలుపా అని ఇంకెవరూ తేల్చుకోనక్కర్లేదు. బిడ్డ దక్కని తల్లి ఒక్కతే కాదు, బిడ్డని యంత్రాల గదిలో పెట్టి ఎదురుచూసే తల్లి కూడా ఇందులో ఉండొచ్చు. అప్పుడు ఖాళీగా ఉండదు, అట్టపెట్టెలు రావు. వద్దు, నేను అందరితోనే ఉంటాను అన్నవాళ్ళకి వార్డులో మంచం ఎలాగూ ఉంది. ఎక్కడ ఉండాలో ఆమెని అడగాలి, అది కూడా రాసిపెట్టాను.

చోటు ఎక్కడిదంటావా? నీ విరిగిన స్టాండ్ల గదిలో సగం కోసేశాను. కిక్కురుమన్నావో ఊరుకోను.

గది వెడల్పు మంచాన్ని బట్టి వేయలేదు. మంచం, దాని పక్కన కుర్చీ, కుర్చీలో మనిషి, ఆ మనిషి మోకాళ్ళు, మోకాళ్ళ ముందు నుంచి నర్సు ట్రే పట్టుకుని నడిచే దారి. దానికి కూర్చున్న మనిషి కొలత కావాలి. పుస్తకంలో ఉన్న కొలత సన్నటివాళ్ళది. అన్నయ్య చేత నిన్ను కొలిపించి పంపు. కూర్చుని, వీపు నుంచి మోకాలి దాకా. ఉన్నదున్నట్టు రాయమను, మొహమాటపడొద్దను.

ప్రతి సామానుకీ ఎవరు వాడతారు, ఎంతసేపు, ఏం చేస్తారు అని ఒక కాగితం ఉంటుంది. అదీ పంపుతున్నాను, నింపు.

మరదలు


మే 15

టేపురాణీ,

నా కొలత పంపుతున్నాను. మీ అన్నయ్య మూడుసార్లు కొలిచి మూడుసార్లూ "ఇంతా!" అన్నారు. ఆయన ముక్కు కూడా కొలిచి పంపుదామనుకున్నాను, కాగితంలో చోటు లేదు.

నువ్వు నీ పిల్లలతో చెప్పి పంపినట్టే, ఎలాగూ వేసవి సెలవులు కాబట్టి ఆయన స్కూలు హాలు తీసుకున్నాం. నీ ఆఫీసు పిల్లలు నేల మీద రంగు టేపు అంటించి గదులన్నీ అసలు కొలతల్లో వేశారు. ఆ రోజు పరుగెత్తినవాడు ఈసారి ధైర్యంగానే ఉన్నాడు. ఆసుపత్రి నుంచి మంచం తెప్పించి తోడు గదిలో వేశాం. పడుకోవడానికి మనిషి కావాలంటే మీ అన్నయ్య ముందుకొచ్చారు. పడుకున్నారు, పడుకున్న కాసేపటికే గురక.

కమిటీ ఇంజనీరు చుట్టూ తిరిగి, "ఇక్కడ మడత కుర్చీ పెడితే జానెడు మిగులుతుందమ్మా, అది నడవాలో కలిపేద్దాం. తోడు మనిషి కావాలంటే మంచం అంచు మీద కూర్చోవచ్చుగా" అన్నాడు. నేను కుర్చీ తెచ్చి టేపు లోపల వేసుకుని కూర్చున్నాను. డాక్టరమ్మ ట్రే పట్టుకుని నా మోకాళ్ళ ముందు నుంచి నడిచింది, పట్టింది. "ఇప్పుడు జానెడు తీసి మళ్ళీ నడవమనండి" అన్నాను. ఆవిడే అంది ఆయనతో, "ఆ జానెడు జోలికి వెళ్ళకండి, ఆవిడ లేవదు" అని. ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. మంచివాడే.

అందరూ పక్క గది చూడ్డానికి వెళ్ళారు. నేను లేవలేదు. మంచం మీద మీ అన్నయ్య గురక పెడుతున్నారు. కుర్చీలోంచి ఒంగకుండానే చెయ్యి వేస్తే ఆయన భుజం మీద పడింది. ఇంత దగ్గరగా ఉండేదాన్ని కదా అనుకున్నాను. కాసేపు అలాగే ఏడ్చాను. ఆయన లేచి, "అప్పుడే తెల్లారిందా?" అన్నారు.

కాగితం నింపి పంపుతున్నాను. నాకు తోచినట్టు రాశాను, తప్పులుంటే దిద్దుకో. జాబితా మీద సంతకం పెట్టేశాను.

వదిన


మే 22

వదినా,

జాబితా ఆర్కిటెక్టుకి వెళ్ళిపోయింది. ఇక గీసుకోవడం ఆయన వంతు.

నీ కాగితంలో నేను దిద్దినవి చాలానే ఉన్నాయి. "చెప్పుల బీరువా: దొంగలు వాడతారు" అన్నది కొట్టేశాను. ఒకటి మాత్రం దిద్దలేదు. తోడు గది, కుర్చీ అన్న వరసలో నువ్వు రాసింది. ఎవరు వాడతారు: వదిన. ఎంతసేపు: లేచి వెళ్ళమనేదాకా. ఏం చేస్తుంది: ఊరికే కూర్చుంటుంది.

మా పెద్దాయన అక్కడ వేలు పెట్టి, "ఇది 'తోడు మనిషి' అని మారుద్దామా?" అన్నాడు. ఉండనివ్వండి అన్నాను. నా మొహం చూసి ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టేశాడు.

నిన్న ఆర్కిటెక్టు ఫోన్ చేశాడు. "వదిన అని రాశారు. తల్లో, భర్తో వచ్చి కూర్చుంటే కొలత మార్చాలా మేడం?" అన్నాడు. అక్కర్లేదు, మా వదిన పట్టిన చోట ఎవరైనా పడతారు అన్నాను. ఆయన నవ్వాడు, నేను నవ్వానో ఏం చేశానో నాకే తెలియదు.

హాల్లో టేపు పీకేశారా? పీకకపోతే మంచంతో సహా సోమవారం దాకా ఉంచమని అన్నయ్యతో హెడ్‌మాస్టారికి చెప్పించు. శనివారం బస్సెక్కుతున్నాను. ముందు ఆసుపత్రికి వస్తాను. గుమ్మంలోకి వచ్చి ఉండు, ఆ నడవాలో నా పక్కన నడువు. తర్వాత హాలుకి వెళ్దాం. మంచం మీద నేను పడుకుంటాను, నువ్వు కుర్చీలో కూర్చో.

ఈసారి కళ్ళు మూసుకోను.

నీ
మరదలు